నాలుగో స్ప్రింగు

నాకు కుళ్లు ఎక్కువ. అటు తిప్పి ఇటు తిప్పి చెప్పడం ఎందుకు, ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పక్క షెడ్డు వాడు కట్టిన కమాను కట్ట నాదానికంటే ఒక వేలెడు బాగా కూర్చుంటే ఆ రోజు నాకు అన్నం సయించదు. మా ఇంటావిడ ఈ సంగతి పెళ్లైన నెలలోపే కనిపెట్టింది. ఇంకొకరి పని మెచ్చుకుంటే నీ నోరేమన్నా అరుగుతుందా అని అప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. అరగదు, నాకూ తెలుసు. కానీ ఆ మాట గొంతులోనే అడ్డం పడుతుంది. ఈ గుణం వల్ల పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి గానీ, ఇప్పుడు చెప్పబోయేది ఒక జీపు గురించి, దానికి మేం చుట్టిన స్ప్రింగుల గురించి.

అప్పట్లో నేను మానుకోటలో పనిచేసేవాణ్ని. కాగితాల మీద మహబూబాబాద్, నోటికి మాత్రం మానుకోట. మాది జనగామ. పద్నాలుగేళ్లుగా రైల్వే గేటు అవతల ఒక ముసలి ఉస్తాద్ దగ్గర కమాను పని చేస్తున్నాను. లారీలకూ ట్రాలీలకూ జీపులకూ చక్రాల దగ్గర ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగట్టి ఉంటాయి చూడండి, అవే కమాన్లు. బండి బరువంతా వాటి మీదనే. విరిగిన పట్టీ తీసేసి, కొత్త పట్టీని భట్టీలో కాల్చి, దంచి, వంచి, నూనెలో ముంచి పదును పెట్టడం మా పని. కేసముద్రం మార్కెట్‌కు మక్కలూ పత్తీ మోసే బండ్లన్నీ ఏడాదికి ఒకసారైనా మా షెడ్డు ముందు ఆగాల్సిందే.

ఉస్తాద్‌కు రెండు కళ్లకూ పొరలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ అయినా చూపు తిరిగి రాలేదు. మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అట్లాంటి మనిషి భట్టీ పని ఎట్లా చేయిస్తాడని కొత్తవాళ్లు అడిగేవాళ్లు. నా కళ్లతో చేయించేవాడు. మా పనిలో వేడిని కొలిచే యంత్రాలు లేవు. ఇనుము ఎంత కాలిందో రంగును బట్టి చెప్పాలి. ఆ రంగులకు ఉస్తాద్ పేర్లు పెట్టుకున్నాడు. మొదట రేగిపండు, తర్వాత పండుమిరప, ఆ తర్వాత మోదుగుపువ్వు. మోదుగు రంగు వచ్చిందంటే ఇనుము చెప్పినట్టు వింటుంది, వెంటనే తీసి వంచాలి. అది దాటి తంగేడుపువ్వు రంగు అందుకుందంటే ఇనుము లోపల చచ్చిపోయినట్టే. పైకి బాగానే కనపడుతుంది, ఏదో ఒక రోజు గుంతలో పడి పుటుక్కుమంటుంది.

ఎండ వెలుతురులో రంగు తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. అందుకని షెడ్డు చుట్టూ గోనె పట్టాలు కట్టించి లోపల చీకటి చేయించాడు. నేను భట్టీ ముందు నిలబడేవాణ్ని. ఉస్తాద్ వెనక స్టూలు మీద కూర్చుని, "అరేయ్, రంగేంది?" అనేవాడు. పండుమిరప అంటే ఆగేవాడు, మోదుగు అంటే తియ్యమనేవాడు. నా నోటి మాట మీద ఆ షెడ్డు నడిచేది. నాకున్న గొప్పంతా అదొక్కటే. ఒకటే కొరత. పద్నాలుగేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా షాబాష్ అనలేదు. ఆ మాట కోసం నేను కాచుకొని కూర్చున్నానని ఆయనకు తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో, రైళ్లు ఎక్కడివక్కడ, బడులకు తాళాలు, ఆఖరికి బొగ్గుబాయిల్లో కూడా సమ్మె. పైగా బతుకమ్మ దినాలు. ఆడవాళ్లు నడిరోడ్డు మీదనే బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. బండ్లు తిరగకపోతే మాకు పనెక్కడిది? నేనూ ఉస్తాదూ పొద్దున సమ్మె టెంటు దగ్గర కూర్చోవడం, మధ్యాహ్నం వచ్చి చల్లారిన భట్టీని చూసుకోవడం, ఇదీ వరస. సరిగ్గా అప్పుడు దిగాడు వాడు, ఒక పాత జీపు వేసుకొని.

వాడు మాకు కొత్తవాడేం కాదు. అంతకు ఏడెనిమిదేళ్ల కింద మా షెడ్డులోనే రెండేళ్లు పనిచేశాడు. భూపాలపల్లి అవతల అడవిలో ఒక తండా వాళ్లది. పట్టుకారు పట్టడం నేర్పింది నేను, రంగుల పేర్లు చెప్పింది నేను. తర్వాత భూపాలపల్లిలో బొగ్గు మోసే పెద్ద బండ్లను బాగుచేసే షెడ్డులో చేరాడు. పోయేటప్పుడు ఒట్టి చేతులతో పోయినవాడు వచ్చేటప్పుడు ఒక నోటుబుక్కు, చుట్టల స్ప్రింగుల విద్య పట్టుకొచ్చాడు. వాడి గొంతు వినపడగానే ఉస్తాద్ స్టూలు మీద నుంచి లేచి రెండు చేతులూ చాపాడు. నన్ను అరేయ్ అనే మనిషి వాణ్ని బేటా అన్నాడు. నాకు అక్కడే అంటుకుంది.

వాడు వచ్చిన పని ఇది. వాళ్ల నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నాలుగేళ్ల కింద బాయి పైకప్పు పెళ్ల విరిగి మీద పడి నడుము పోయింది. అప్పటి నుంచి మంచంలోనే ఉన్నాడు. ఇప్పుడు ఆయన తోటివాళ్లంతా భూపాలపల్లిలో సమ్మె టెంటులో కూర్చుంటే, ఒక్క దినమన్నా పోయి వాళ్ల నడుమ కూర్చోవాలని ముసలాయన పట్టుబట్టాడు. తండా నుంచి తారురోడ్డు దాకా రాళ్ల బాట, మధ్యలో వాగు. ఇదే జీపులో ఒకసారి బయల్దేరదీస్తే, వాగు దాటకముందే నొప్పికి పెదవి కొరుక్కొని నెత్తురు తెచ్చుకున్నాడట. సగం నుంచే వెనక్కి తీసుకుపోయారు. పొరపాటున గట్టి కుదుపు తగిలితే ఉన్న ఆ కొంచెం నడుము కూడా దక్కదని దవాఖానలో చెప్పారట.

"పట్టీలు బరువు మోస్తయి గని మనిషిని మొయ్యయన్నా" అన్నాడు వాడు నాతో. "నాలుగు చక్రాలకు చుట్టల స్ప్రింగులు పెడత. బాపును టెంటు దాక తీస్కపోవాలె."

పద్నాలుగేళ్లు పట్టీలు దంచినవాడి మొహం మీద అనే మాటేనా అది? ఒళ్లు మండిపోయింది. కమాను బరువు మోయడమే కాదు, ఇరుసును పట్టుకొని కూడా ఉంటుంది, దాన్ని తీసేస్తే నీ ఇరుసును ఎవరు పట్టుకుంటారు, మీ బాపా అని అడిగాను. వాడు నవ్వి నోటుబుక్కు తెరిచాడు. ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా పట్టుకునే ఇనుప చేతులు, పక్కకు జరగకుండా అడ్డంగా ఒక కడ్డీ, అన్నీ కొలతలతో గీసి పెట్టుకున్నాడు. జీపు కింద దూరి చూస్తే ఆ చేతులు అప్పటికే బిగించి ఉన్నాయి. వెల్డింగు అతుకులు చీమల బారులా సాఫుగా ఉన్నాయి. ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని చాలాసేపు జీపు కిందనే పడుకున్నాను. దొరకలేదు. వీపుకు కంకర గుచ్చుకున్నది తప్ప నాకు మిగిలిందేమీ లేదు.

ఇక మిగిలింది స్ప్రింగులు. బజార్లో దొరికేవి ఆ జీపు ఎత్తుకూ బరువుకూ సరిపడవు, మనమే చుట్టుకోవాలి. భూపాలపల్లి షెడ్డులో పారేసిన స్ప్రింగు ఇనుము కడ్డీలు అడిగి తెచ్చుకున్నాడు, బొటనవేలంత లావు, మనిషికి దాదాపు రెండింతల పొడవు. నాలుగు కావాలి, ఒకటి ఎక్కువే ఉంది. కానీ వాటికి పదును పెట్టాలంటే ఆ చుట్టుపక్కల ఉస్తాద్‌ను మించినవాడు లేడు. అందుకే అంత దూరం వచ్చాడు.

ఉస్తాద్‌కు ఎక్కడలేని హుషారు వచ్చింది. అంత పొడవు కడ్డీ మా భట్టీలో పట్టదు కనుక, పెళ్లిళ్లలో అన్నం వండే గాడిపొయ్యి లాంటి పొడవాటి గుంట షెడ్డులో తవ్వించాడు. బొగ్గుబాయిల మనిషి కొడుకు వచ్చాడు గానీ బొగ్గు మాత్రం లేదు, బాయిలన్నీ మూతపడ్డాయి కదా. తుమ్మబొగ్గులు తెచ్చి నింపాం. కరెంటు కూడా లేకపోవడంతో గాలి పంకా చేత్తోనే తిప్పాలి. ఉస్తాద్ స్టూలు జరుపుకొని అది తానే తిప్పుతానన్నాడు. కడ్డీని చుట్టే ఇనుప గొట్టానికి లోపల చోటు చాలక బయట ఎండలో నిలబెట్టి, దానికి ఒక పిడి తగిలించాం. లోపల కడ్డీ కాలుతుంది. నేను రంగు చెప్పగానే, పక్క లారీ షెడ్డు నుంచి వచ్చిన ఇద్దరు హమాలీలు రెండు కొసలూ పట్టుకార్లతో పట్టుకొని బయటికి తెస్తారు. వాడు ఒక కొస గొట్టానికి తగిలించి పిడి తిప్పుతాడు. కడ్డీ గొట్టం చుట్టూ చుట్టుకుంటుంది. ఆ వేడి చల్లారకముందే నూనె పీపాలో ముంచాలి. ఆ తర్వాత సన్నని సెగ మీద మళ్లీ కాచాలి.

రెండు రోజుల్లో మూడు స్ప్రింగులు చుట్టాం. నిజం చెప్పాలి గదా, అట్లాంటి పని నేను అంతకు ముందు చూడలేదు. వాడు పిడి తిప్పుతుంటే ఎర్రని కడ్డీ తడబడకుండా, చుట్టకూ చుట్టకూ మధ్య ఒకే సందు వదులుతూ పోయేది. నా చేతిలో పట్టీ వంగడానికి పదిసార్లు దెబ్బ తినాలి. వాడి చేతిలో ఇనుము తనంతట తానే నడిచినట్టు ఉండేది. మూడో స్ప్రింగు చల్లారాక ఉస్తాద్ దాన్ని ఒళ్లో పెట్టుకొని, సందుల్లో వేలు పెట్టి కింది నుంచి పైదాకా తడుముకుంటూ పోయాడు. మళ్లీ పై నుంచి కిందికి వచ్చాడు. ఆ తర్వాత వాడి తల మీద చెయ్యి పెట్టాడు.

"షాబాష్ బేటా" అన్నాడు. "మా భట్టీల ఇన్నేండ్ల సంది దంచుడే గని చుట్టుడు ఎవనికి రాలే."

ఎవనికి అంటే ఎవరు? ఆ షెడ్డులో ఇన్నేళ్ల నుంచి దంచుతున్నది నేనొక్కణ్నే. నేను అక్కడే, రెండడుగుల దూరంలో సుత్తి పట్టుకొని నిలబడి ఉన్నాను. ఉస్తాద్ నన్ను చిన్నబుచ్చాలని అన్నాడని నేననుకోను. నేనున్నట్టు కూడా ఆయన ధ్యాసలో లేదు, అదే నాకు ఇంకా ఎక్కువ తగిలింది. వాడు నా వైపు చూసి, రంగు చెప్పింది అన్ననే గదా ఉస్తాద్ అన్నాడు. నాకు వాడి దయ కూడా కావాలా? కడుపులో మంట నెత్తికెక్కింది.

ఆ మంట మీదనే నాలుగో కడ్డీని గాడిపొయ్యిలో పెట్టాం. వాడు బయట గొట్టం దగ్గర నిలబడ్డాడు. నేను లోపల చీకట్లో ఉన్నాను. పంకా తిప్పుతూ ఉస్తాద్ రంగేందని అడిగాడు. కడ్డీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చక్కగా మోదుగు రంగుకు వచ్చింది. ఇంత సమంగా ముందు మూడూ కాలలేదు.

"ఇంక పండుమిరపే ఉస్తాద్" అన్నాను.

ఆయన ఇంకా తిప్పాడు. నా కళ్ల ముందే మోదుగు పచ్చబడి తంగేడైంది. గోనె పట్టాల అవతల ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకొని పాడుకుంటూ పోతున్నారు. నేను మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. అప్పుడు మోదుగు అన్నాను. హమాలీలు కడ్డీని ఎండలోకి తీసుకుపోయారు. ఎండలో తంగేడు రంగు మోదుగులాగే కనపడుతుంది. వాడికి అనుమానం రావడానికి ఏమీ లేదు. ఎప్పటిలాగే తడబడకుండా చుట్టాడు.

మర్నాడు పొద్దున ఉస్తాద్ నాలుగింటినీ తీగకు వేలాడదీయించి ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో కొట్టాడు. చూపు పోయాక ఆయన చెవులతో చూసేవాడు. మూడు స్ప్రింగులు గుడి గంటల్లా చాలాసేపు మోగాయి. నాలుగోది మోగుతూ మోగుతూ మధ్యలోనే ఆగిపోయింది. ఆయన మళ్లీ కొట్టాడు. వాడు అప్పుడు జీపు దగ్గర ఉన్నాడు.

"మోదుగేనా?" అని అడిగాడు ఉస్తాద్ నన్ను.

ఇప్పుడన్నా చెప్పొచ్చు. పొరపాటైంది అంటే సరిపోయేది, ఇంకో కడ్డీ ఉండనే ఉంది. కానీ పొరపాటు అని ఒప్పుకుంటే నా చూపు మీద మాట వస్తుంది. అక్కడ నాకు మిగిలింది ఆ చూపొక్కటే.

"మోదుగే ఉస్తాద్" అన్నాను.

అచ్ఛా అని సుత్తి కింద పెట్టాడు. ఆ నాలుగోది ఎడమ వైపు వెనక చక్రానికి కట్టమన్నాడు, రంగు చెప్పినవాడే దాని మీద కూర్చోవాలి కదా అని గుర్తు చేశాడు. అది మా షెడ్డు ఆచారం. ఏ కమానుకు ఎవరు రంగు చెప్పారో, మొదటి సవారీలో వాళ్లు ఆ చక్రం మీదనే కూర్చొని పోవాలి. ఎన్ని లారీల మీద నేను కేసముద్రం దాకా పోయి వచ్చానో లెక్కలేదు. అదెప్పుడూ నాకు మర్యాదగానే అనిపించేది. ఆ రోజు మాత్రం తప్పించుకోవాలని చూశాను. ఒంట్లో బాగా లేదు, రెండు రోజుల్లో వస్తానని చెప్పి, ఒకటీ అరా తిరుగుతున్న మక్కల లారీలు పట్టుకొని జనగామ పోయాను.

ఇంటి ముందు అడుగు పెట్టేసరికి మా ఆవిడ వాకిట్లో కూర్చొని బతుకమ్మ పేరుస్తోంది. చుట్టూ తంగేడుపూలు కుప్పలుగా ఉన్నాయి. ముందు ఆ పచ్చపూలు తీసెయ్ అని కసిరాను. తంగేడు లేని బతుకమ్మ ఎక్కడైనా ఉందా, నీకేమన్నా పిచ్చా అని ఆమె నా మొహంలోకి చూసింది. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆమె కాసేపు చూసి, చల్లగా ఒక మాట అడిగింది.

"ఎవరన్న మంచి పని చేసిన్రా ఏంది?"

చెయ్యి కడిగేసుకొని లేచాను. ఆ రెండు రోజులూ ఆ ముసలాయన నడుము తప్ప నాకింకేదీ తోచలేదు. నేనాయన్ను అప్పటికి చూడనైనా లేదు. అయినా నా తిక్క ఎట్లాంటిదంటే, స్ప్రింగు విరగకపోవచ్చులే, ఎన్నో విరగకుండా నడుస్తాయి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక పక్క విరగొద్దని మొక్కుకుంటున్నా, ఇంకో పక్క వాడి స్ప్రింగు విరిగితే ఉస్తాద్ మొహం ఎట్లా ఉంటుందో చూడాలనీ ఉంది. ఛీ అనుకోండి. నేనూ అనుకున్నాను.

మూడో రోజు మానుకోటలో దిగేసరికి జీపు నాలుగు స్ప్రింగుల మీదా ఎత్తుగా నిలబడి ఉంది. నాలుగోది నా చేత్తో కట్టాల్సింది, వాడే కట్టేశాడు. నువ్వు లేవు గదన్నా, ఆలస్యమైతదని కట్టిన అన్నాడు. గాడిపొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. మూలకు పెట్టిన ఐదో కడ్డీ కనపడలేదు. చాయ్ కోసం వాడుకున్నారేమో ఆ నిప్పు, కడ్డీ జీపులో వేసుకున్నాడేమో అనుకున్నాను. నా గొడవలో నేనున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. ఉస్తాద్ నా భుజం తడిమి చూసుకొని, భద్రంగా పోయి రమ్మన్నాడు.

నర్సంపేట, ములుగు మీదుగా బయల్దేరాం. నేను వెనక ఎడమ చక్రం పైన కూర్చున్నాను. వాడు అంత మంచి జీపును ఎడ్లబండిలా తోలాడు. ఎడమ పక్కన చిన్న గుంత కనపడ్డా ఆగి, పక్కకు తప్పించి మరీ పోయేవాడు. ఇదేం తోలడం అని నాకు చిరాకు. ప్రతి గుంతకూ కింద నుంచి పుటుక్కుమని వినపడుతుందని చెవులు రిక్కించుకొని కూర్చున్నాను. అడవి దారిలో రెండు పక్కలా తంగేడు విరగబూసి ఉంది. చూడలేక కాళ్ల మధ్య నేల చూస్తూ కూర్చున్నాను. తారురోడ్డు వదిలి రాళ్ల బాట ఎక్కాక, వాగులో మోకాలెత్తు నీళ్లలో గుండ్రాళ్ల మీద నుంచి జీపు పోతుంటే చక్రాలు ఎగిరెగిరి పడుతున్నాయి గానీ పైన కూర్చున్న నాకు ఉయ్యాలలో ఉన్నట్టే ఉంది. పద్నాలుగేళ్లలో నేను కట్టిన ఏ కమానూ మనిషిని అట్లా మోయలేదు. ఆ మాట నాకు నేను ఒప్పుకోవడానికి వాగు మొత్తం పట్టింది.

తండాలో ముసలాయన పొద్దటి నుంచే తయారై ఉన్నాడు. తెల్లంగీ, మెడలో తువాల, గడ్డం గీయించుకున్నాడు. మంచంలో పడుకునే నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి ఇంకా బాయి పనివాడిదే, గరుకుగా ఉంది.

"నీ ముచ్చటే చెప్తడు మా పిలగాడు" అన్నాడు. "అన్న కన్ను తప్పు చెప్పదంటడు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నలుగురు వచ్చి దుప్పటితో సహా ఆయన్ను లేపారు. జీపులో ఆయన కోసం పరిచిన పరుపు ఎడమ వైపే ఉంది, నేను కూర్చొని వచ్చిన చోటే. పైకెత్తుతుంటే ఆయన అరవలేదు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నుదుటి మీద చెమట సర్రున కారింది. పరుపు మీద ఆనించాక ఒక్కసారి ఊపిరి వదిలి, నవ్వాడు. ఇంక పోనియ్ అన్నాడు కొడుకుతో. వాడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. కానీ తాళంచెవి తిప్పలేదు. ఊరికే అట్లా కూర్చొని ముందుకు చూస్తున్నాడు. నేను ఆయన పాదాల దగ్గర ఇరుక్కొని కూర్చున్నాను. నా కింద ఆ నాలుగోది ఉంది. ఇంక నా వల్ల కాలేదు.

"దించుండ్రి" అన్నాను. "నాలుగో స్ప్రింగు మంచిది కాదు. తంగేడు దాక కాలనిచ్చి మోదుగని చెప్పిన."

అందరూ నా మొహం చూశారు. ముసలాయనకు రంగుల సంగతి అర్థం కాలేదు, దించడం మాత్రం అర్థమైంది.

"మల్ల దించుడా?" అన్నాడు.

మళ్లీ అదే నలుగురు, అదే దుప్పటి. ఈసారి ఆయన పళ్ల మధ్య నుంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. అది నేను చేసింది. మంచం మీద పడుకోబెట్టాక వాడు జీపు దగ్గరికి వచ్చి, ముందు సీటు ఎత్తి, గోనెసంచిలో చుట్టి ఉన్నది బయటికి తీశాడు. విప్పితే ఐదో స్ప్రింగు. చుట్టలు సమంగా, నూనె మెరుస్తూ ఉంది.

"ఎరికేనన్నా" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు జనగామ పోయినంక ఉస్తాద్ చెప్పిండు. ఇద్దరం కలిసి ఇంకోటి చుట్టినం. అన్న తనంతట తనే చెప్తడు, అప్పుడిది కట్టుమన్నడు. చెప్పకుంటే నన్నే బాపును దింపి కట్టుమన్నడు."

అందుకా గుంతలు తప్పించింది, అందుకా తాళంచెవి తిప్పకుండా కూర్చున్నది. అంత దూరం నా అబద్ధం మీద నన్నే కూర్చోబెట్టి తీసుకొచ్చాడు, ఒక్క మాట అడగకుండా. వాడు నన్ను నాలుగు తిట్టి ఉంటే, చెంప మీద ఒకటి కొట్టి ఉంటే నాకు బాగుండేది. వాడట్లా చేయలేదు. జాకీ పెట్టి, అన్నా ఇటు పట్టు అన్నాడు. ఇద్దరం కలిసి పాతది విప్పి కొత్తది కట్టాం. అదిగో, ఆ పని చేస్తూ కూడా నాకు కుళ్లే. నేను లేకుండా, నా కళ్లు లేకుండా వీళ్లు ఇంత మంచి స్ప్రింగు ఎట్లా చుట్టారా అని.

ముసలాయన్ను మూడోసారి లేపారు. వాగు దాటేటప్పుడు ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. కళ్లు తెరిచే ఉన్నాడు. ఆకాశం చూసుకుంటూ, దారిలో కొత్తగా వేసిన కరెంటు స్తంభాల గురించి అడుగుతూ వచ్చాడు. భూపాలపల్లి టెంటు ముందు జీపు ఆగగానే లోపలి నుంచి మనుషులు లేచి ఉరికొచ్చారు. దిండ్లు పెట్టి నడుమ కూర్చోబెట్టారు. నినాదాలకు ఆయన పిడికిలి అందరికంటే కొంచెం ఆలస్యంగా లేచేది. ఈ జీపు ఎవరు చేశారని అందరూ అడుగుతుంటే ఆయన కొడుకు వైపు చెయ్యి చూపించాడు. నేను టెంటు చివర్లో చెప్పుల దగ్గర కూర్చున్నాను.

మానుకోట తిరిగి వచ్చేటప్పటికి ఉస్తాద్ స్టూలు మీదనే ఉన్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు. చెప్పినవా అని అడిగాడు. చెప్పిన అన్నాను.

"ముసలాయన జీపెక్కకముందా, ఎక్కినంకనా?"

తండా చాలా దూరం. ఎక్కకముందే అని చెబితే ఆయన నమ్మేవాడు, వాడు కూడా నా మాట తీసేసేవాడు కాదు. ఒక క్షణం నాలుక అటే పోయింది. కానీ మళ్లీ అబద్ధం చెప్పలేకపోయాను.

"ఎక్కినంక" అన్నాను.

అచ్ఛా అన్నాడు ఆయన. చాలాసేపు తువాలతో చేతులు తుడుచుకున్నాడు. నన్ను తిట్టలేదు, పనిలో నుంచి తీసెయ్యలేదు. సమ్మె అయిపోయి బండ్లు తిరిగాక మళ్లీ భట్టీ రాజుకుంది. మొదటి పట్టీ కాలుతుంటే నేను ఎప్పటిలాగే ముందుకు వచ్చి నిలబడ్డాను. ఉస్తాద్ గోనె పట్టా వైపు తిరిగి, ఎదురుగా చాయ్ అమ్మే అవ్వను పిలిచాడు. ఆమెను భట్టీ ముందు నిలబెట్టి, ముందు రేగిపండు, దాని మీద పండుమిరప, ఆ మీద మోదుగు అని వరస ఓపికగా నేర్పాడు. వారంలోపే ఆమె మోదుగు అని సరిగ్గా చెప్పసాగింది. నన్ను సుత్తి దగ్గర నిలబడమన్నాడు. ఇంకా నాలుగేళ్లు అక్కడే పనిచేశాను. అవ్వ లేని రోజు దారిన పోయే హమాలీని పిలిచేవాడు, లారీ డ్రైవర్‌ను పిలిచేవాడు. నన్ను మాత్రం పిలవలేదు.

రాష్ట్రం వచ్చిందన్న రోజు మానుకోట వీధులన్నీ గులాల్‌తో నిండిపోయాయి. షెడ్డు ముందు డప్పులు. నేనూ రెండు పిడికిళ్ల నిండా రంగు తెచ్చి ఉస్తాద్ తెల్లంగీ మీద, గడ్డం మీద పోసి, ఆయన పక్కనే నిలబడ్డాను. ఆయన నవ్వుతూ గడ్డం తడుముకొని, ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు. తర్వాత నా వైపు కాకుండా అవతలి వైపు తిరిగాడు.

"అవ్వా, ఏం రంగిది?" అని అడిగాడు.

చాయ్ అవ్వ రోడ్డు అవతలి నుంచి గులాబీ అని కేకేసి చెప్పింది. ఆ రంగు ఆయన మీద పోసింది నేనే.